మిరపచేలో కదిలిన పాయింటు

ఆ మధ్యాహ్నం జీపీయస్ స్క్రీన్ మీద జరిగింది నేనూ చూశాను. నా చేతిలో ఉండగానే జరిగింది. అడిగినవాళ్ళకు మాత్రం చూడలేదని చెప్పాను. ఆ అబద్ధం మోసింది నేను కాదు, మా తోడల్లుడు కోటేశ్వరరావు. ఆరేళ్ళు మోశాడు. అందుకని ముందుగా ఆ మాట ఒప్పుకుని, తర్వాత జరిగింది జరిగినట్టు రాస్తాను.

దెయ్యాల కబుర్లకు చెవి ఇచ్చే మనిషిని కాను. మా ప్రత్తిపాడులో చిన్నప్పుడు చీకటి పడ్డాక ట్యూషన్ నుంచి శ్మశానం పక్క డొంకలోనే ఇంటికి వచ్చేవాణ్ణి, అది దగ్గర దారి కాబట్టి. తెగిపడ్డ కరెంటు తీగకు భయపడతాను, పాముకు భయపడతాను. కనిపించని వాటికి భయపడే తీరిక నాకు ఎప్పుడూ లేదు. ఇప్పటికీ లేదు.

పొలాలు కొలవడం నా వృత్తి. డ్రిప్పు పైపులు వేయించుకునే రైతుల చేలు కొలిచి, పటం గీసి కంపెనీకి ఇస్తాను. గుంటూరు నుంచి పొదిలి దాకా నేను నడవని నల్లరేగడి తక్కువ. చేతిలో పట్టే జీపీయస్ ఒకటి ఉంటుంది. పాతకాలం సెల్‌ఫోన్ కన్నా లావుగా, రబ్బరు తొడుగుతో ఉంటుంది.

దాన్ని ఎలా చదవాలో రెండు ముక్కలు చెప్పాలి. అది తెలియకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు.

అందులో ఒక పేజీ సాటిలైట్లది. అక్కడ కనిపించే పెద్ద వలయం ఆకాశం అనుకోండి. వలయంలో అంకెలు వేసిన చుక్కలు మన నెత్తిమీద తిరుగుతున్న సాటిలైట్లు. కింద ఒక్కోదానికి ఒక్కో నిలువు గీత. గీత ఖాళీగా ఉంటే ఆ సాటిలైట్ వినపడుతోంది గానీ ఇంకా లెక్కలోకి రాలేదని అర్థం. నిండితే వచ్చినట్టు. నాలుగు నిండు గీతలుంటే మనం ఎక్కడున్నామో తెలుస్తుంది, ఎక్కువుంటే ఇంకా మంచిది. ఎన్ని మీటర్లు అటూ ఇటూ తేడా ఉండవచ్చో కూడా ఆ పేజీలోనే ఉంటుంది.

రెండో పేజీ దారి చూపేది. ముందే గుర్తుపెట్టుకున్న పాయింటును ఎంచుకుని 'గో' నొక్కితే, అది ఏ దిక్కున ఉందో బాణం చూపిస్తుంది. ఎంత దూరమో కింద అంకె ఉంటుంది. మనం నడిస్తే ఆ అంకె మారుతుంది. మనం ఆగితే అదీ ఆగుతుంది. పాయింటు అంటే నేలకు దిగ్గొట్టిన మేకు లాంటిది. మనం దాని దగ్గరికి పోవాలి, అది మన దగ్గరికి రాదు.

కోటి మా ఆవిడ చెల్లెలు సుజాత భర్త. నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్న. నన్ను అన్నయ్యా అంటాడు. నా దగ్గర పనిలో చేరిన కొద్ది నెలలకే స్క్రీన్ చదవడం నా అంతవాడయ్యాడు. నోరు మాత్రం ఊరుకునేది కాదు. సాటిలైట్ల పేజీలో గీతలు నిండగానే, "అందరూ హాజరు పలికారన్నయ్యా, పాఠం మొదలెట్టు" అనేవాడు.

ఆ రోజు పొదిలికి పడమటగా ఉన్న ఒక ఊళ్ళో మాలకొండయ్య అనే రైతు చేను కొలవడానికి వెళ్ళాం. ఏడెకరాలు, సగం మిరప, సగం పత్తి. ఫిబ్రవరి చివర, మిరప రెండో కోత నడుస్తోంది. కర్నూలు వైపు నుంచి వచ్చిన కూలీలు ముఠాలుగా విడిపోయి చుట్టుపక్కల చేలన్నిట్లో కోస్తున్నారు.

ముందు రోజే చేనుకు తడి పెట్టారు. తడిసిన రేగడిలోకి మోటార్‌సైకిల్ దిగిందంటే చక్రాలు తిరగవు. అందుకని బండిని డొంక పక్కనున్న వేపచెట్టు కింద ఆపి, నడిచి వెళ్ళాం. అలా వదిలిన ప్రతిచోటా ఒక పాయింటు గుర్తుపెట్టి దానికి 'బండి' అని పేరు పెట్టుకోవడం నా అలవాటు. నిండా కాపు మీదున్న మిరపచేలో రెండు గట్లు దాటితే అన్ని దిక్కులూ ఒకేలా కనిపిస్తాయి.

మేం బండి ఆపినప్పుడు వేపకొమ్మకు స్టీలు క్యారేజీ ఒకటి తగిలించి ఉంది. దానికి ఎరుపు గుడ్డపేలిక కట్టి ఉంది.

"మనం వస్తున్నామని ఎవరో అన్నం కూడా పంపారన్నయ్యా" అన్నాడు కోటి.

"ముట్టుకున్నావంటే కూలోళ్ళు కొడవళ్ళతో వస్తారు, పద" అన్నాను.

పొద్దున ఒక గొడవ తీర్చాల్సి వచ్చింది. ఇది చెప్పడానికి కారణం ఉంది. మాలకొండయ్యకూ పక్క చేను రైతుకూ తూర్పు గట్టు గురించి చాలాకాలంగా మాటలు లేవు. ఇద్దరూ వచ్చి నిలబడ్డారు. నేను పాయింట్లు తీసి, గట్టు ఉండాల్సిన చోటే ఉందని తేల్చాను. పక్క రైతు గొణిగాడు. "మనిషికి పక్షపాతం ఉంటుందండీ, దీనికుండదు. ఇది ఉన్నదే చూపిస్తుంది" అని జీపీయస్ ఎత్తి చూపించాను. ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ మాట అంటున్నప్పుడు నాకు చాలా గర్వంగా ఉంది.

మధ్యాహ్నానికి ఉత్తరం మూల చేరాం. అక్కడితో చుట్టుకొలత పూర్తయింది. ఆ మూల చుట్టూ చెట్టు లేదు, కరెంటు స్తంభం లేదు, రేకుల షెడ్డు లేదు. ఆకాశం బోర్లించిన బాణలిలా నాలుగు దిక్కులా తెరిపిగా ఉంది. ఉత్తరంగా కొంచెం అవతల చిల్లకంప పెరిగిన బీడు. అంతకు మించి ఏమీ లేదు.

భోజనానికి వెనక్కి పోదామని కోటి 'బండి' పాయింటు ఎంచుకుని గో నొక్కాడు. నేను వంగి చెప్పులకు పట్టిన రేగడిని పుల్లతో గీకుతున్నాను.

"అన్నయ్యా, మన బండి నడిచొస్తోంది."

"తాళం దానికే వదిలేశావా ఏంది?" అన్నాను, తల ఎత్తకుండానే.

"నవ్వులాటకు కాదు. చూడు."

చూశాను. మూడువందల చిల్లర మీటర్లు ఉండాల్సిన దూరం అప్పటికే రెండువందల తొంభై అయింది. చూస్తుండగా రెండువందల ఎనభై అయింది. తగ్గుతూనే ఉంది. మనిషి తాపీగా నడిస్తే ఎలా తగ్గుతుందో అలా తగ్గుతోంది. బాణం దక్షిణంగా, వేపచెట్టు వైపే చూపిస్తోంది. మేం ఇద్దరం నిలబడ్డచోటే ఉన్నాం.

"ఇటివ్వు" అని తీసుకున్నాను.

నాకు ఆశ్చర్యం కన్నా చిరాకు కలిగింది. ఇలాంటి తప్పులకు కారణాలు ఉంటాయి. అవి నాకు తెలుసు. సాటిలైట్ల పేజీ తెరిచాను. తొమ్మిదో పదో గీతలు, అన్నీ నిండుగా ఉన్నాయి. వలయంలో చుక్కలు ఒక మూల గుమిగూడకుండా ఆకాశమంతా పరుచుకుని ఉన్నాయి. తేడా మూడు మీటర్లు. అంతకన్నా మంచి సిగ్నల్ నేను ఎప్పుడో గానీ చూడలేదు. కొత్తవాళ్ళకు నేర్పడానికి ఒక నమూనా పద్ధతి ఉంటుంది, అందులో అంకెలు ఉత్తుత్తినే కదులుతాయి. అదేమైనా పొరపాటున నొక్కామేమోనని చూశాను. లేదు. బ్యాటరీ నిండుగా ఉంది.

మేమున్న చోటు అంకెలు చూశాను. చివరి అంకె కొద్దిగా ఊగుతోంది, అది మామూలే. మిగతావి కదలడం లేదు. అంటే మేం కదిలినట్టు అది అనుకోవడం లేదు. మేం కదలకుండా దూరం తగ్గాలంటే రెండో కొస కదలాలి. రెండో కొస అంటే బండి పాయింటు. మేకు.

తల ఎత్తి చూశాను. దూరంగా వేపచెట్టు, దాని కింద మా బండి హ్యాండిల్ అద్దం మెరుస్తూ అక్కడే ఉంది.

మళ్ళీ దారి పేజీకి వచ్చేసరికి అంకె వంద దాటి కిందికి దిగింది. ఎనభై. అరవై. బాణం తూర్పు గట్టు వెంబడి చూపిస్తోంది. నేనూ కోటీ ఆ గట్టు వైపే చూస్తూ నిలబడ్డాం. ఎండ తెల్లగా కాస్తోంది. గాలి లేదు. మిరప మొక్కల్లో ఆకు కదల్లేదు. గట్టు మీద ఎవరూ లేరు. అంకె మాత్రం నలభై, ముప్ఫై.

"ఏందన్నయ్యా ఇది?" అన్నాడు కోటి. అప్పటికి వాడి గొంతులో సరదా పోయింది.

పది దగ్గర మేమిద్దరం ఒక్కసారే వెనక్కి జరిగాం. గమ్యం దగ్గరైతే వచ్చే చిన్న కూత వచ్చింది. మాకు మూడడుగుల దూరంలో, గట్టు మీద, ఏమీ లేని చోట. బాణం ఒకసారి గిర్రున తిరిగి ఉత్తరానికి మళ్ళింది. అంకె పెరగడం మొదలైంది. అయిదు, పన్నెండు, ఇరవై. మమ్మల్ని దాటుకుని పోతోంది.

నేను కొంచెం కూడా కల్పించడం లేదు. ఆ కూత నా అరచేతిలో మోగింది.

చిల్లకంప బీడు మధ్యలో, నూటముప్ఫై దగ్గర, అంకె ఆగింది. ఇక కదల్లేదు.

కోటి చేయి చాచాడు. "ఇటివ్వన్నయ్యా, చూసొస్తా."

"పని చెడగొట్టుకుని కంపలోకి ఎందుకయ్యా? మిషను మొరాయించింది, ఆపి మళ్ళీ వేస్తే సరిపోతుంది."

"ఆపితే పోతుంది. ఆపొద్దు" అని నా చేతిలోంచి తీసుకుని బయల్దేరాడు.

నేను కదల్లేదు. కంపలో చొక్కా చించుకుంటాడని అరిచాను, సమయం వృథా అని అరిచాను. వాడు బాణం మీద నుంచి కళ్ళు తిప్పకుండా నడిచి, కంపలో కనపడకుండా పోయాడు. కాసేపటికి పెట్టిన కేక విని నా కాళ్ళు వాటంతటవే పరుగెత్తాయి.

అక్కడ పాడుబడ్డ మోటబావి ఉంది. చుట్టుగోడ ఎప్పుడో కూలిపోయింది. కంప బావి నోటిమీదకు అల్లుకుపోయి, రెండడుగుల దగ్గరికి వెళ్ళేదాకా బావి అని తెలియదు. కోటి ఒక కొమ్మ పట్టుకుని అంచున పడుకుని లోపలికి చూస్తున్నాడు. లోపల నీళ్ళు లేవు, బురద ఉంది. బురదలో ఒక ఆడమనిషి పక్కకు ఒరిగి పడి ఉంది. మొదట చనిపోయిందనుకున్నాను. తర్వాత చేతి వేళ్ళు కదిలాయి.

నేను పరుగెత్తి పక్క చేలో కోస్తున్న కూలీలను పిలుచుకొచ్చాను. మాలకొండయ్య తాళ్ళూ నులకమంచమూ తెప్పించాడు. ఇద్దరు దిగి ఆమెను మంచానికి కట్టారు, పదిమంది పైకి లాగారు. కాలు విరిగింది, తల వెనక దెబ్బ. పేరు సుంకమ్మ. ఆ పొద్దున పనిలోకి రాలేదు. జ్వరంగా ఉందని ముందు రోజు అనడంతో, గుడిసెలో పడుకుని ఉంటుందని ముఠావాళ్ళు అనుకున్నారు. ఇంకో పూట గడిస్తే బతికేది కాదని తర్వాత డాక్టర్లు చెప్పారట.

అంబులెన్స్ వెళ్ళిపోయింది. అప్పుడు అందరూ కోటి వైపు తిరిగారు.

"సార్, ఆయమ్మి ఈడుండాదని నీకెట్ల తెలిసె?" అని అడిగాడు ముఠా మేస్త్రి ఈరన్న. మొదట మామూలుగానే అడిగాడు.

కోటి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. దూరం తగ్గడం, బాణం తిరగడం, అంతా. చెబుతూ జీపీయస్ చూపించాడు. అప్పటికి స్క్రీన్ మామూలుగా ఉంది. బాణం వేపచెట్టును చూపిస్తోంది, దూరం కూడా సరిగ్గా ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎవురూ పోని కంపలోకి మిషను తోలుకుపోయిందంట, యినండప్పా" అన్నారెవరో వెనకనుంచి.

"పొద్దున్నుంచి ఈ మగోళ్ళిద్దరే గదా చేను చుట్టూ తిరిగేది" అంది ఒకామె.

మాలకొండయ్య నన్ను అడిగాడు. "సాంబశివరావు గారూ, అట్టా చూపిస్తదా అండీ అది?"

"మనం అందులో పెట్టిన పాయింట్లు తప్ప వేరే ఏదీ చూపించదండీ" అన్నాను.

అది నిజమే. ఏ సర్వేయర్‌ను అడిగినా అదే చెబుతాడు.

"మీరు పక్కనే ఉన్నారు గదా. మీరు చూశారా?"

పొద్దున గట్టు దగ్గర గొణిగిన పక్క రైతు అక్కడే, చేతులు కట్టుకుని నా మొహంలోకి చూస్తున్నాడు. మిషను తనంతట తాను నడుస్తుందని నేను ఒప్పుకుంటే, పొద్దున్న తేల్చిన గట్టు సాయంత్రానికి మళ్ళీ గొడవలో పడుతుంది. ఆ ఊళ్ళోనే కాదు, నేను కొలిచిన ప్రతి ఊళ్ళోనూ. 'ఇది ఉన్నదే చూపిస్తుంది' అన్నవాణ్ణి నేనే.

"నేను చూళ్ళేదండీ" అన్నాను.

కోటి నా వైపు చూశాడు. జీపీయస్ ఆపి నా చేతిలో పెట్టాడు. ఏదైనా అని ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

ఆ తర్వాతి సంగతి ఎవరైనా ఊహించగలరు. స్టేషన్‌కు పిలిచారు, అడిగారు, రాయించుకున్నారు, పంపించారు. సాక్ష్యం ఏమీ లేదు. పొద్దున్నుంచీ నా పక్కనే ఉన్నాడని నేను చెప్పినా, తోడల్లుడు అలా కాక ఇంకెలా చెబుతాడన్నారు. సుంకమ్మ కోలుకుంది గానీ ఆ పొద్దున జరిగింది ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఎవరో తోశారని ఆమె అనలేదు, తోయలేదనీ చెప్పలేకపోయింది. ఆ ఖాళీలో జనం కోటిని పెట్టుకున్నారు. వెంటపడితే పరుగెత్తి పడిపోయిందన్నారు. భయపడి తనే చూపించాడన్నారు. మిషను కథ చెప్పినందుకు ఇంకా ఎక్కువ అనుమానించారు. 'బావి కోటి' అని పేరు పెట్టారు. ఆ పేరు పొదిలి దాటి, మా చుట్టాల దాకా వచ్చింది.

కోటి నా దగ్గర పని మానేశాడు. మా మరదలు మా ఇంటికి రావడం మానేసింది. మా ఆవిడ ఎంతగా అడిగినా నేను ఒకటే చెప్పాను, వాడు పొరపాటు పడి ఉంటాడని.

నేను మాత్రం ఊరుకోలేదు. నాకు కారణం దొరకాలి. ఆ సాయంత్రమే 'బండి' పాయింటు తెరిచి చూశాను. పొద్దున పెట్టిన అంకెలే, ఒక్కటి కూడా మారలేదు. మేం నడిచిన జాడను మిషను తనంతట తాను గీసుకుంటుంది. అందులో ఉత్తరం మూల మేం నిలబడ్డచోట చిన్న ముడి ఉంది, అక్కడినుంచి కంపలోకి కోటి వెళ్ళిన గీత ఉంది. వేపచెట్టు నుంచి మా వైపు వచ్చిన గీత ఏదీ లేదు. మర్నాడు వేరే జీపీయస్ తీసుకుని ఒక్కణ్ణే వెళ్ళి అదే మూల నిలబడ్డాను. మరుసటి ఏడు అదే నెలలో, అదే పొద్దు వేళకు పాత జీపీయస్‌తో మళ్ళీ నిలబడ్డాను. అంకె కదల్లేదు. నాకన్నా చదువుకున్న ఇంజనీరు ఒకాయనకు, వేరే ఎవరికో జరిగినట్టు చెప్పి అడిగాను. ఆయన చెప్పిన కారణాలన్నీ నేను అక్కడే కొట్టేసినవి.

రెండోసారి వెళ్ళినప్పుడు ఈరన్న కనిపించాడు. మాటల్లో ఒకటి చెప్పాడు. ఆ పొద్దున పని మొదలుకాకముందే సుంకమ్మ తన క్యారేజీని వేపకొమ్మకు తగిలించి, తూర్పు గట్టు వెంబడి బీడు వైపు పోవడం ఒక ముసలామె దూరంనుంచి చూసిందట. మొహం చూడలేదట, ఎర్ర రైక చూసిందట. క్యారేజీకి ఎర్రపేలిక కట్టింది కూడా సుంకమ్మేనట.

వేపచెట్టు, తూర్పు గట్టు, ఉత్తరం మూల, కంప. బాణం నడిచిన దారి అదే. ఆమె ఆ దారిన నడిచేటప్పటికి మేం ఆ ఊరు కూడా చేరలేదు. ఆ సంగతి విని కూడా నేను నోరు తెరవలేదు. అప్పుడు తెరిచి ఉంటే కోటికి అయిదేళ్ళు మిగిలేవి.

ఈ జనవరిలో కోటి కూతురు హారిక ఒక్కతే బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం. వాకిట్లోకి రాగానే, మంచినీళ్ళు కూడా తాగకుండా అడిగింది.

"పెదనాన్నా, హాస్టల్లో ఒకమ్మాయిది పొదిలి వైపు. మా నాన్న పేరు చెప్పగానే బావి కోటి కూతురివా అంది. అందరూ నవ్వారు. మా నాన్నను అడిగితే పెదనాన్నను అడుగు అన్నాడు. ఆ రోజు పక్కనుంది మీరొక్కరే. మా నాన్న ఆమెను తోశాడా?"

"లేదమ్మా."

"మీకు కచ్చితంగా తెలుసా?"

"తెలుసు. పొద్దున్నుంచీ నా పక్కనే ఉన్నాడు. మీ నాన్న చెప్పింది నేను కూడా చూశాను."

ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "మరి అప్పుడెందుకు చెప్పలేదు?" అంది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా వింది.

కోటి ఇప్పుడు నల్లపాడు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. మర్నాడు అక్కడికే వెళ్ళాను. మిరపకాయ బస్తాలు దించుతున్నారు. ఘాటుకు నా కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి, తుమ్ములు ఆగడం లేదు. కోటి మూతికి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి తువ్వాలు తీయలేదు.

బస్తాల పక్కకు పిలిచి, తప్పు చేశానని చెప్పాను. మొత్తం విన్నాడు.

"ఇక్కడ నా చెవిలో చెప్తే ఎట్టా అన్నయ్యా?" అన్నాడు. "చూళ్ళేదని నువ్వన్నది యాభై మందిలో. చూశానని బస్తాల చాటున చెప్తున్నావు. నువ్వు చూశావని నాకు తెలవదా? నాకెందుకు చెప్పడం?"

"అక్కడే చెప్తాను. నువ్వు కూడా రా."

"వస్తా. నువ్వు మధ్యలో గుటకలు మింగావంటే మాత్రం అక్కడే వదిలేసి బస్సెక్కుతా."

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఇద్దరం వెళ్ళాం. మాలకొండయ్య మిరపకాయలు కళ్ళంలో ఎండబోసి ఉన్నాయి, నేలంతా ఎర్రగా. కూలీలు కాళ్ళతో కాయ తిరగేస్తున్నారు. ఈరన్న ఉన్నాడు. సుంకమ్మ ఉంది, కొంచెం కుంటుతూ నడుస్తోంది. పక్క చేను రైతును నేనే కబురుపెట్టి పిలిపించాను. కోటిని చూడగానే కొందరు పని ఆపారు. 'బావి' అన్న మాట ఎవరి నోట్లోనో వినపడింది.

నేను కళ్ళం అంచున నిలబడి అందరికీ వినపడేలా చెప్పాను. అంకె తగ్గడం చూశానని, బాణం తిరగడం చూశానని, కూత నా చేతిలోనే మోగిందని, అడిగితే చూడలేదని అబద్ధమాడానని. నా మాట పోతుందని, నా కొలతల మీద నమ్మకం పోతుందని అలా చేశానని కూడా చెప్పాను. పక్క రైతు వైపు తిరిగి, ఆ గట్టు మీద అనుమానం ఉంటే ఎవరితోనైనా మళ్ళీ కొలిపించుకోమన్నాను.

మాలకొండయ్య మొహం ఎర్రబడింది. "ఇన్నేళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నారండీ? ఆ మనిషిని మా వాకిట్లో కూడా అడుగు పెట్టనీలేదు గదా మేము!"

సుంకమ్మ కాయ తిరగేయడం మానేసి వచ్చింది. "ఎవురన్నా తోసినారో లేదో నాకు యాదిలేదు సామీ. ఎవురు తీసినారో మాత్రం ఎరుకే" అని కోటికి చేతులెత్తి దణ్ణం పెట్టింది. కోటి తల పక్కకు తిప్పుకున్నాడు.

"మరి ఏందంటావు సార్ అది? దయ్యమా, దేవుడా?" అన్నాడు ఈరన్న.

"నాకు తెలవదు ఈరన్నా. ఆరేళ్ళు వెతికాను, దొరకలేదు. మిషను బాగుంది, సాటిలైట్లు బాగున్నాయి. ఎట్టా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను. జరిగిందని మాత్రం చెప్పగలను."

తర్వాత కోటి వైపు తిరిగాను. వయసులో నాకన్నా చిన్నవాడైనా చేతులు జోడించబోయాను, పట్టుకుని ఆపాడు. నా మాటను మాత్రం ఆపలేదు.

"నువ్వు ఒక ప్రాణం నిలబెట్టావు, నేను నా పేరు నిలబెట్టుకున్నాను. తప్పు నాది, కోటీ. నన్ను మన్నించు."